రెండో సంతకమే ఖరీదైనది: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కోచ్‌ను మార్చేటప్పుడు ఏ దారి మేలు?

2023 నవంబరు 11, శనివారం రాత్రి టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు సొంత మైదానంలో మిసిసిపీ స్టేట్‌ను 51-10 తేడాతో చిత్తు చేసింది. తెల్లవారిన ఆదివారం ఆ జట్టు హెడ్ కోచ్ జింబో ఫిషర్ ఉద్యోగం పోయింది. అంత ఘనంగా గెలిచిన మరునాడే సాగనంపడం వింతగా తోచవచ్చు గానీ, విశ్వవిద్యాలయం ఆ ఒక్క రాత్రిని కాక ఆరేళ్లను లెక్కపెట్టింది. ఆ ఆరేళ్లలో 45 గెలుపులు, 25 ఓటములు వచ్చాయే తప్ప కాన్ఫరెన్స్ (జట్టు ఆడే లీగ్) టైటిల్ ఒక్కటీ రాలేదు. ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించవలసిన పరిహారం, అంటే అక్కడి వాడుకలో బైఅవుట్, సుమారు 7.6 కోట్ల డాలర్లు. అప్పటి మారకపు ధరలో అది 600 కోట్ల రూపాయలకు పైమాట. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు ముందెన్నడూ ఏ కోచ్‌కూ అంత మొత్తం చెల్లించవలసి రాలేదు.

ఫిషర్‌ను ఎంచుకోవడమే తప్పని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. 2013 సీజన్‌లో ఫ్లోరిడా స్టేట్‌కు జాతీయ టైటిల్ సాధించిపెట్టిన కోచ్‌ను 2017 డిసెంబరులో పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చుకోవడం సాహసమే అయినా, అర్థం చేసుకోదగిన సాహసం. అసలు పొరపాటు 2021లో జరిగింది. అంతకు ముందు సీజన్‌లో జట్టు 9-1తో, అంటే తొమ్మిది గెలుపులు, ఒక ఓటమితో మెరవగానే, ఇంకా చాలా గడువున్న ఒప్పందాన్ని చించేసి, 2031 వరకు పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లతో కొత్తది రాసిచ్చారు. కోచ్‌ను నియమించే రోజున పెట్టే మొదటి సంతకం కన్నా, ఒక మంచి సీజన్ మురిపెంలో పెట్టే రెండో సంతకమే విశ్వవిద్యాలయాలను ముంచుతోందని గత అయిదారేళ్ల చరిత్ర చెబుతోంది. ఈ వ్యాసమంతా ఆ దృష్టితోనే సాగుతుంది.

టెక్సస్‌లోనో ఇండియానాలోనో పెన్సిల్వేనియాలోనో ఎం.ఎస్. చేసి, తొలి ఏడాది ఆట నియమాలు కూడా తెలియకుండానే స్టేడియంలో నిలబడి అరిచి, క్రమంగా ఆ జట్టును సొంతం చేసుకున్న తెలుగువారు ఈనాడు వేలల్లో ఉన్నారు. నవంబరులో సీటు ఖాళీ కాగానే పదిహేను పేర్లు గాలిలోకి లేస్తాయి. వాటిలో దేన్ని కోరుకోవాలో, దేనికి భయపడాలో తేల్చుకోవడానికి, కోచ్‌ను తెచ్చుకునే దారుల మధ్య ఈ పోలిక ఉపయోగపడుతుంది. క్రికెట్ చూసి పెరిగిన మనకు ముందుగా ఒక సంగతి తెలియాలి. క్రికెట్‌లో మైదానంలోకి దిగాక నిర్ణయాలు కెప్టెన్‌వి; కోచ్ పాత్ర డ్రెస్సింగ్ రూమ్ వరకే. కాలేజీ ఫుట్‌బాల్‌లో మాత్రం ప్రతి ఆట ఎత్తుగడ మొదలుకొని, హైస్కూలు కుర్రాడి ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించడం వరకు అంతా హెడ్ కోచ్ చేతిలోనే ఉంటుంది. సెలెక్టర్, కెప్టెన్, మేనేజర్ అనే మూడు పదవులు ఒకే మనిషిలో ఉన్నాయనుకోవాలి. అందుకే పలు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ అత్యధిక జీతం గవర్నరుకు కాక ఫుట్‌బాల్ కోచ్‌కు అందుతోంది.

తీసేయాలా, ఉంచాలా; తీస్తే ఎప్పుడు?

కొత్తవారిని పోల్చడానికి ముందు ఉన్నవారితోనే పోల్చి చూడాలి. ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. నెబ్రాస్కా 2003లో ఫ్రాంక్ సాలిచ్‌ను 9-3 రికార్డుతో ఉండగా తీసేసింది. ఆరేళ్లలో 58 గెలుపులు, 19 ఓటములు ఆ అభిమానులకు చాలలేదు. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో ఎందరో కోచ్‌లు వచ్చి వెళ్లారు గానీ పాత వైభవం తిరిగి రాలేదు. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ జార్జియా. పదిహేను సీజన్లలో 145 ఆటలు గెలిచిన మార్క్ రిక్ట్‌ను 2015 నవంబరులో తొలగించి, అలబామాలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (ప్రత్యర్థిని ఆపే విభాగాన్ని నడిపే సహాయక కోచ్‌గా) ఉన్న కర్బీ స్మార్ట్‌ను తెచ్చుకుంది. 2021, 2022 సీజన్లలో వరుసగా రెండు జాతీయ టైటిళ్లు గెలిచింది. రెండు చోట్లా తొలగించింది మంచి కోచ్‌నే. అయితే జార్జియా దగ్గర తొలగించే నాటికే ఎవరు కావాలన్న స్పష్టత ఉంది. స్మార్ట్ ఆ విశ్వవిద్యాలయంలోనే చదివి, ఆ జట్టుకే ఆడినవాడు. నెబ్రాస్కా అసంతృప్తితో తొలగించి, ఆ తరువాత వెతుకులాట మొదలుపెట్టింది.

ఓపిక పట్టినవారి కథ కూడా ఒకటి ఉంది. 2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ సొంత గడ్డపై మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయింది. ఆ ప్రత్యర్థి చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి కావడంతో హెడ్ కోచ్ రయన్ డేను పంపేయాలన్న కేకలు మిన్నంటాయి. విశ్వవిద్యాలయం చలించలేదు. ఏడు వారాల తరువాత, 2025 జనవరి 20న, అదే కోచ్ నోట్రడామ్‌ను 34-23తో ఓడించి జాతీయ టైటిల్ తెచ్చాడు. జాతీయ టైటిల్‌ను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్ (నాకౌట్ పోటీ) 2024లో వచ్చాక, రెండు ఓటములున్న జట్టు కూడా టైటిల్ గెలవగలదు కనుక, నవంబరు కోపంతో నిర్ణయం తీసుకోవడం మునుపటికన్నా పెద్ద తప్పవుతోంది.

ఇక ఎప్పుడు తీయాలన్న ప్రశ్న. 2022లో నెబ్రాస్కా స్కాట్ ఫ్రాస్ట్‌ను జార్జియా సదరన్ చేతిలో ఓటమి తరువాత సెప్టెంబరు 11న తొలగించింది. అక్టోబరు 1 వరకు ఆగి ఉంటే ఆయనకివ్వవలసిన 1.5 కోట్ల డాలర్లు సగమై 75 లక్షలకు దిగేది. మూడు వారాల ఓపిక ధర 75 లక్షల డాలర్లు! దుబారా అని నవ్వుకోవచ్చు. అయితే ఇప్పుడు సెప్టెంబరులోనే తొలగించడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. హైస్కూలు ఆటగాళ్లు తాము చేరబోయే విశ్వవిద్యాలయంతో డిసెంబరు మొదటి వారంలోనే సంతకాలు చేస్తారు. ఆటగాళ్లు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారే పోర్టల్ జనవరి 2న తెరుచుకుని రెండు వారాల్లో మూతపడుతుంది. నవంబరు ఆఖరున వెతుకులాట మొదలుపెట్టినవారికి చేతిలో వారం రోజులు కూడా మిగలవు. 2025లో యూసీఎల్ఏ, వర్జీనియా టెక్ ఒకే రోజున, సెప్టెంబరు 14న, తమ కోచ్‌లను పంపేయడానికీ, అదే నెలలో ఓక్లహోమా స్టేట్, ఆర్కన్సా కూడా అదే బాట పట్టడానికీ ఈ క్యాలెండర్ ఒత్తిడి ఒక ముఖ్య కారణం.

ముందుగా తొలగించినంత మాత్రాన ముందుగా దొరుకుతారన్న హామీ మాత్రం లేదు. పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను 2025 అక్టోబరు 12న తొలగించింది. కొత్త కోచ్ ఖరారయ్యే సరికి డిసెంబరు వచ్చేసింది. డిసెంబరు 3న సంతకాల దినాన పెన్ స్టేట్‌కు దక్కింది ఇద్దరు ఆటగాళ్లే. ఈలోగా వర్జీనియా టెక్‌లో చేరిన ఫ్రాంక్లిన్, తాను పెన్ స్టేట్ కోసం ఒప్పించిన కుర్రాళ్లలో పలువురిని తన వెంట తీసుకువెళ్లాడు. తొలగించిన కోచ్‌కు డబ్బిచ్చి, ఆటగాళ్లనూ ఇచ్చి పంపడమంటే ఇదే.

చిన్న చోట గెలిచినవాడు

కొత్త కోచ్‌ను తెచ్చుకునే నాలుగు దారుల్లో, చిన్న విశ్వవిద్యాలయంలో గెలిచినవాణ్ణి తెచ్చుకోవడం మొదటిది; దీని మీదే నాకు ఎక్కువ నమ్మకం. దీనిలో ఎక్కువ మోసపోయే అవకాశం కూడా ఉంది కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

ఇండియానా 2023లో 3-9తో ముగిసింది. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో అదొకటి. ఆ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ అంటే బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యే వరకు కాలక్షేపం. కోచ్ టామ్ అలెన్ స్థానంలో జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి 62 ఏళ్ల కర్ట్ సిగ్నెటీని తెచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2024లో ఆయన జట్టు 11-2తో ప్లేఆఫ్‌కు వెళ్లింది. 2025లో 16 ఆటలాడి 16 గెలిచింది. 2026 జనవరి 19న మయామీపై 27-21తో జాతీయ టైటిల్ అందుకుంది. ఈ కథ విని ప్రతి విశ్వవిద్యాలయమూ ఇప్పుడు తన సిగ్నెటీ కోసం వెతుకుతోంది. కానీ ఆయనలో దేన్ని చూడాలి?

గెలుపుల సంఖ్యను మాత్రం చూడకూడదు. బిల్లీ నేపియర్ లూయిజియానా విశ్వవిద్యాలయంలో 40-12 రికార్డుతో గెలిచి ఫ్లోరిడాకు వచ్చాడు. అక్కడ 22-23తో 2025 అక్టోబరులో వెళ్లిపోయాడు, వెంట సుమారు 2.1 కోట్ల డాలర్ల పరిహారంతో. బ్రయన్ హార్సిన్ బోయిసీ స్టేట్‌లో 69-19తో వెలిగి 2020 డిసెంబరులో అలబామా రాష్ట్రంలోని ఆబర్న్‌కు వచ్చాడు. 9-12తో రెండో సీజన్ కూడా పూర్తి కాకుండానే ఉద్యోగం కోల్పోయాడు. కాగితం మీద ముగ్గురూ ఒకలాంటివారే. తేడా తెలియాలంటే మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటిది, ఎన్ని చోట్ల గెలిచాడు? సిగ్నెటీ కింది స్థాయి అయిన డివిజన్ 2లో ఐయూపీ అనే విశ్వవిద్యాలయంలో గెలిచాడు, ఎలాన్‌లో గెలిచాడు, జేమ్స్ మాడిసన్‌లో 52-9తో గెలిచాడు; ఆ జేమ్స్ మాడిసన్ 2022లో పై స్థాయికి మారినప్పుడు కూడా గెలుపు ఆగలేదు. ఒకచోట గెలిచినవాడికి ఆ చోటు కలిసివచ్చి ఉండవచ్చు. నాలుగు మెట్ల మీద గెలిచినవాడిది పద్ధతి. రెండో ప్రశ్న, ఎవరిని వెంట తెస్తున్నాడు? సిగ్నెటీ ఇండియానాకు ఒంటరిగా రాలేదు. డిఫెన్స్ నడిపే బ్రయంట్ హెయిన్స్, అఫెన్స్ నడిపే మైక్ షనహన్, పదిమందికి పైగా జేమ్స్ మాడిసన్ ఆటగాళ్లు ఆయన వెనకే వచ్చారు. అంటే ఇండియానా ఒక కోచ్‌ను కాక, నడుస్తున్న వ్యవస్థను ఎత్తి తెచ్చుకుంది. పోర్టల్ లేని పదేళ్ల క్రితం ఇది సాధ్యమయ్యేది కాదు. చిన్న చోట గెలిచిన కోచ్ విలువ ఇప్పుడు పెరగడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. మూడోది ప్రాంతం. ఇడాహో రాష్ట్రంలో పేరు తెచ్చుకున్న హార్సిన్‌కు అలబామా, జార్జియా హైస్కూళ్లలో పరిచయాలు లేవు. దక్షిణాదిలో ఆటగాళ్లను తెచ్చుకోవడమనేది హైస్కూలు కోచ్‌లతో, కుటుంబాలతో ఏళ్ల తరబడి నడిచే బంధుత్వం లాంటిది. కొత్తగా వచ్చినవాడికి అది ఒక సీజన్‌లో అబ్బదు.

పొరుగింటి పుల్లకూర

మరో పెద్ద విశ్వవిద్యాలయంలో ఇప్పటికే పేరున్న కోచ్‌ను ఎగరేసుకుపోవడం రెండో దారి. దాతలకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. విమానాశ్రయంలో స్వాగతం, విలేకరుల సమావేశం, మొదటి పేజీ వార్త, అన్నీ దొరుకుతాయి. ఫిషర్ ఈ దారినే వచ్చాడు. బ్రయన్ కెల్లీ కూడా 2021 నవంబరులో నోట్రడామ్‌ను వదిలి, పదేళ్ల ఒప్పందంతో, ఈ దారినే ఎల్ఎస్‌యూకు (లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి) వచ్చాడు. అక్కడ ఆయన 34-14 రికార్డు వేరే చోట గౌరవప్రదమే. ఎల్ఎస్‌యూలో మాత్రం, ఆయన ముందు పనిచేసిన ముగ్గురు కోచ్‌లూ టైటిల్ గెలిచినవారే కావడంతో, 2025 అక్టోబరులో ఏ అండ్ ఎం చేతిలో 49-25తో ఓడిన మరునాడే తొలగించారు. పరిహారం సుమారు 5.4 కోట్ల డాలర్లు. ఫిషర్‌ను 2017లో ఏ అండ్ ఎంకు తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ (క్రీడా విభాగాధిపతి), కెల్లీని 2021లో ఎల్ఎస్‌యూకు తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ ఒక్కరే, స్కాట్ వుడ్‌వర్డ్. లూయిజియానా గవర్నరు బహిరంగంగా విరుచుకుపడ్డాక ఆ వారంలోనే ఆయన కూడా పదవి వదిలారు. కోచ్‌ను ఎంచుకునేవారిని ఎవరు ఎంచుకున్నారన్నది కూడా చూడవలసిన విషయమేనని దీనివల్ల తేలుతోంది.

పెద్ద పేరుతో ఉన్న చిక్కు ఏమిటంటే, అతడు బేరం ఆడే స్థితిలో వస్తాడు. ఉన్న సుఖమైన ఉద్యోగం వదులుకోవాలి కనుక పదేళ్లు అడుగుతాడు, పూర్తి హామీ అడుగుతాడు, అడిగినవన్నీ దొరుకుతాయి. చిన్న చోటి నుంచి వచ్చేవాడికి మీరు మెట్టు. పెద్ద చోటి నుంచి వచ్చేవాడికి మీరు ఆస్తి.

అదే ఏ అండ్ ఎం ఫిషర్ తరువాత ఏం చేసిందో చూస్తే తేడా కళ్లకు కడుతుంది. డ్యూక్‌లో రెండేళ్లలో 16 గెలుపులు సాధించిన మైక్ ఎల్కోను ఏడాదికి సుమారు 70 లక్షల డాలర్లకు, ఆరేళ్లకు తెచ్చుకుంది. ఎల్కో 2018 నుంచి 2021 వరకు అక్కడే డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పనిచేసినవాడు. ఊరు తెలుసు, హైస్కూళ్లు తెలుసు. ఫిషర్ ఆరేళ్లలో చేరలేని ప్లేఆఫ్‌కు ఎల్కో రెండో ఏడే చేరాడు, 2025లో రెగ్యులర్ సీజన్‌ను 11-1తో ముగించి. జీతం తక్కువ, గుర్తింపు తక్కువ, ఫలితం ఎక్కువ. అభిమానుల్లో చాలామంది 2023లో ఈ ఎంపికను పెదవి విరుస్తూనే స్వీకరించారు.

పెద్ద పేరు ఎప్పుడూ దండగేనని చెప్పడం కూడా సరికాదు. అలబామా హెడ్ కోచ్ నిక్ సేబన్ 2024 జనవరి 10న రిటైరైనప్పుడు ఆ విశ్వవిద్యాలయం రెండు రోజుల్లో వాషింగ్టన్ నుంచి కేలెన్ డీబోర్‌ను తెచ్చుకుంది. అంతకు నాలుగు రోజుల ముందే అతడు జాతీయ ఫైనల్ ఆడి ఉన్నాడు. మొదటి ఏడాది వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో ఓడి అవమానం పొందినా, రెండో ఏడాది ప్లేఆఫ్‌కు చేరి ఒక ఆట గెలిచాడు. సేబన్ నీడలో అది తక్కువే అనిపిస్తుంది గానీ, అతడు సూ ఫాల్స్ అనే చిన్న కళాశాల నుంచి మెట్టుమెట్టుగా ఎక్కివచ్చినవాడు. పేరు పెద్దదైనా దారి మొదటి రకానిదే.

కోఆర్డినేటరా, ఇంటివాడా?

మూడో దారి, గెలుస్తున్న జట్టులో రెండో స్థానంలో ఉన్నవాడిని తెచ్చి పీఠం మీద కూర్చోబెట్టడం. స్మార్ట్ ఇలా వచ్చినవాడే. ఆరెగాన్‌ను నడుపుతున్న డాన్ లానింగ్ ఇదే స్మార్ట్ కింద కోఆర్డినేటర్‌గా చేసి వచ్చాడు. కానీ ఫ్లోరిడా 2010 డిసెంబరులో తెచ్చుకున్న విల్ మస్‌చాంప్ కూడా ఆ కాలపు గొప్ప డిఫెన్సివ్ కోఆర్డినేటరే. 2013లో 4-8తో కుప్పకూలి, 2014లో వెళ్లిపోయాడు. హెడ్ కోచ్ పని ఎత్తుగడలు గీయడం కాదు. వందమందికి పైగా కుర్రాళ్లను, పదుల సంఖ్యలో సిబ్బందిని, దాతలను, ఇప్పుడు ఆటగాళ్ల చెల్లింపులను నడపడం. ఆ పని ఎన్నడూ చేయనివాడిని పరీక్షించే మార్గం ఇంటర్వ్యూలో లేదు. కనుక ఈ దారి ఎంచుకుంటే, ఆ మనిషికి మీ ప్రాంతంతో ముందే సంబంధం ఉందా అన్నది తప్పక చూడాలి.

ఇంట్లో ఉన్నవాడికే పగ్గాలు అప్పగించడం నాలుగో దారి. విలేకరులు దీన్ని చవక బేరమని తీసిపారేస్తారు గానీ, చరిత్ర అలా చెప్పడం లేదు. 2008 అక్టోబరులో క్లెమ్సన్ తన రిసీవర్స్ కోచ్ (బంతి అందుకునే ఆటగాళ్ల సహాయక కోచ్) డాబో స్వీనీని తాత్కాలికంగా కూర్చోబెట్టింది. 2010లో 6-7తో ముగిసినా వేచి చూసింది. తరువాత రెండు జాతీయ టైటిళ్లు వచ్చాయి. ఎల్ఎస్‌యూ 2016లో తాత్కాలిక కోచ్‌గా పెట్టుకున్న ఎడ్ ఓర్జెరాన్ 2019లో 15-0తో టైటిల్ గెలిచాడు. రెండేళ్ల తరువాత అతడూ సుమారు 1.7 కోట్ల డాలర్లు తీసుకుని వెళ్లాడు. నోట్రడామ్ 2021 డిసెంబరులో 35 ఏళ్ల మార్కస్ ఫ్రీమన్‌ను ఎక్కించింది. 2024 సెప్టెంబరులో నార్తర్న్ ఇల్లినాయి చేతిలో 16-14తో ఓడినప్పుడు నవ్వినవారు, అదే సీజన్‌లో అతడు జాతీయ ఫైనల్ చేరడం చూశారు.

అన్నిటికంటే తాజా ఉదాహరణ ఓల్ మిస్, అంటే మిసిసిపీ విశ్వవిద్యాలయం. 2025 నవంబరు 30న, 11-1తో ప్లేఆఫ్ వాకిట్లో ఉన్న జట్టును వదిలి హెడ్ కోచ్ లేన్ కిఫిన్ ఎల్ఎస్‌యూకు వెళ్లిపోయాడు. విమానాశ్రయం దగ్గర గుమిగూడిన అభిమానులు తిట్టిపోశారు. ప్లేఆఫ్ వరకు ఉండి నడుపుతానన్నా విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్‌ను అదే రోజు హెడ్ కోచ్‌ను చేసింది. అతడు టులేన్‌ను 41-10తో, జార్జియాను 39-34తో ఓడించి, సెమీఫైనల్లో మయామీ చేతిలో 31-27తో ఓడాడు. పోర్టల్ కాలంలో ఇంటివాడికున్న పెద్ద బలం ఇక్కడ కనిపిస్తుంది. కోచ్ మారితే ఆ జట్టు ఆటగాళ్లకు వెళ్లిపోయే అవకాశం తెరుచుకుంటుంది. ముఖం తెలిసినవాడు కుర్చీలో ఉంటే సామాను సర్దుకునేవారు తగ్గుతారు.

వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ నుంచి ప్రఖ్యాతుణ్ణి దింపడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను ఆరుసార్లు గెలిచిన బిల్ బెలిచిక్‌ను నార్త్ కరొలైనా 2024 డిసెంబరులో తెచ్చుకుంది. మొదటి ఏడాది 4-8. పీట్ కారల్ 2000 డిసెంబరులో యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి) వచ్చి గెలవలేదా అంటారు. గెలిచాడు. కానీ అతడు 50 ఏళ్లైనా నిండకుండా, ఎన్ఎఫ్ఎల్‌లో ఉద్యోగం పోయి, నిరూపించుకోవలసిన ఆకలితో వచ్చాడు. బెలిచిక్ 72 ఏళ్ల వయసులో వచ్చాడు.

సంతకాల సంగతి

ఎవరిని ఎంచుకున్నా, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఒప్పందాలు చాలావరకు బహిరంగ పత్రాలే కనుక, మూడు నిబంధనలు స్వయంగా చదవవచ్చు. మొదటిది, కారణం లేకుండా తొలగిస్తే ఎంత ఇవ్వాలి. రెండోది, తొలగించిన కోచ్ మరోచోట ఉద్యోగం చేస్తే ఆ జీతం ఇందులోంచి తగ్గుతుందా, లేదా. మూడోది, తానే వెళ్లిపోతే కోచ్ ఎంత కట్టాలి.

రెండోదాని బలం ఫిషర్‌ను, ఫ్రాంక్లిన్‌ను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఫిషర్ ఒప్పందంలో తగ్గింపు లేదు. మొదటి రెండు నెలల్లో సుమారు 1.9 కోట్ల డాలర్లు, ఆ తరువాత 2031 వరకు ఏటా 70 లక్షలకు పైగా, అతడు మరోచోట పనిచేసినా చేయకపోయినా చేరుతూనే ఉంటాయి. ఫ్రాంక్లిన్‌కు పెన్ స్టేట్ ఇవ్వవలసింది దాదాపు 4.9 కోట్లు. అతడి ఒప్పందంలో తగ్గింపు ఉంది. నవంబరులో వర్జీనియా టెక్‌లో చేరగానే లెక్క 90 లక్షల దగ్గర తేలింది. ఒక్క పేరా మూలంగా విశ్వవిద్యాలయానికి మిగిలింది దాదాపు 4 కోట్ల డాలర్లు. ఈ అంకెను మరో అంకె పక్కన పెట్టి చూడాలి: 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు, అన్ని క్రీడలకూ కలిపి మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. పాత కోచ్‌కు ఇచ్చే ప్రతి డాలరూ కొత్త క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే కీలక ఆటగాడు) కోసం వాడగలిగిన డాలరే.

ఇక రెండో సంతకం. 2021 నవంబరులో పెద్ద విశ్వవిద్యాలయాల సీట్లు కొన్ని ఖాళీగా ఉన్న రోజుల్లో, తమ కోచ్‌ను ఎవరు ఎత్తుకుపోతారోనన్న భయంతో రెండు ఒప్పందాలు పుట్టాయి. పెన్ స్టేట్ ఫ్రాంక్లిన్‌కు పదేళ్లు ఇచ్చింది. మిషిగన్ స్టేట్ మెల్ టకర్‌కు పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. టకర్‌ను రెండేళ్లు నిండకుండానే, ఒప్పంద ఉల్లంఘన కారణంగా చూపి తొలగించింది. ఫ్రాంక్లిన్ కథ చూశాం. 2025 శరత్కాలంలో చరిత్ర తిరగబడింది. పెన్ స్టేట్ సీటు ఖాళీ కాగానే, ఆ విశ్వవిద్యాలయంలోనే చదివిన నెబ్రాస్కా కోచ్ మ్యాట్ రూల్ పేరు వినిపించింది. అక్టోబరు 30న నెబ్రాస్కా అతడి ఒప్పందాన్ని 2032 వరకు పొడిగించింది. జట్టు చివరికి 7-6తో ముగిసింది. ఫ్రాస్ట్‌ను మూడు వారాలు ఆగలేక తొలగించిన విశ్వవిద్యాలయమే ఇది కావడం గమనించదగ్గది. ఇండియానా కూడా అదే అక్టోబరులో సిగ్నెటీకి ఎనిమిదేళ్లు, ఏడాదికి సగటున 1.16 కోట్ల డాలర్లు ఇచ్చింది. టైటిల్ వచ్చింది కనుక ఎవరూ అడగడం లేదు. పొడిగించడమే తప్పని నా ఉద్దేశం కాదు. పొడిగింపులో జీతం పెంచవచ్చు, సిబ్బంది నిధి పెంచవచ్చు. హామీ సంవత్సరాలను మాత్రం పెంచకూడదు. అవి పెంచినప్పుడు మీరు కొంటున్నది రాబోయే గెలుపులను కాదు, గడిచిపోయిన గెలుపులను.

2026లో గమనించవలసిన మూడు సీట్లు

ఈ కొలమానంతో 2025 సీజన్‌లో నిండిన మూడు పెద్ద సీట్లను చూద్దాం. ఎల్ఎస్‌యూ ఏడేళ్లకు, ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్లకు తెచ్చుకున్న కిఫిన్ ప్రతిభలో సందేహం లేదు. 2010 జనవరిలో ఒకే సీజన్ తరువాత టెనెసీని వదిలి యూఎస్‌సీకి వెళ్లాడు; 2013లో ఆ యూఎస్‌సీ అతణ్ణి అరిజోనాలో ఓడి తిరిగొచ్చిన తెల్లవారుజామున విమానాశ్రయంలోనే తొలగించింది; 2017 జనవరిలో జాతీయ ఫైనల్‌కు వారం ముందు అలబామా అతడితో తెగదెంపులు చేసుకుంది; ఇప్పుడు ఓల్ మిస్. ఇతడి ఒప్పందంలో మూడో నిబంధనే నేను ముందు చదువుతాను.

ఫ్లోరిడా మళ్లీ చిన్న చోటివాడినే ఎంచుకుంది, జాన్ సమ్రాల్‌ను. నేపియర్‌తో చేతులు కాలాక కూడా అదే రకానికి వెళ్లడం మొండితనమని కొందరన్నారు. కానీ నేపియర్‌కు ఒకచోటే రికార్డు ఉంది. సమ్రాల్ ట్రాయ్‌లో రెండేళ్లలో 23-4తో గెలిచి, తరువాత టులేన్‌ను ప్లేఆఫ్ వరకు తీసుకెళ్లాడు. ఫ్లోరిడా ఉద్యోగం ఒప్పుకున్నాక కూడా ఆగి, టులేన్‌ను ఆ ప్లేఆఫ్ ఆటలో తానే నడిపాడు. ఎదురుగా ఉన్నది కోచ్ వదిలేసి వెళ్లిన ఓల్ మిస్. ఉండిపోయినవాడు ఓడాడు, వెళ్లిపోయినవాడి జట్టు గెలిచింది, ఆట అలాంటిది. అయినా ఈ ఇద్దరిలో ఎవరికి మన పిల్లవాణ్ణి అప్పగిస్తామంటే నా జవాబు సమ్రాల్.

పెన్ స్టేట్ తెచ్చుకున్న మ్యాట్ క్యాంప్‌బెల్ మీద నాకు అందరికన్నా ఎక్కువ ఆశ ఉంది. ధనమూ, ఆటగాళ్లూ అంతంతమాత్రంగా దొరికే అయోవా స్టేట్‌లో పదేళ్లుండి, ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో ఎవరూ గెలవనన్ని ఆటలు, 72, గెలిచాడు. అంతకు ముందు టొలీడోలోనూ గెలిచాడు. అయోవా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ రాకో బెక్ట్‌తో పాటు పలువురు ఆటగాళ్లు అతడి వెంటే వచ్చారు. రెండు చోట్ల గెలుపు, వెంట వచ్చిన వ్యవస్థ, రెండూ సరిపోయాయి. ప్రాంతం ప్రశ్న మిగిలి ఉంది. తూర్పు తీరపు హైస్కూళ్లలో ఫ్రాంక్లిన్ పదేళ్లకు పైగా పెంచుకున్న పరిచయాలు ఇప్పుడు వర్జీనియా టెక్ తరఫున పనిచేస్తున్నాయి. మొదటి సీజన్‌లో క్యాంప్‌బెల్ పది ఆటలు గెలిస్తే, ఏదో ఒక పెద్ద సీటుతో పాటు అతడి పేరు వినిపించడం మొదలవుతుంది. ఆ నవంబరులో పెన్ స్టేట్ ఏ కాగితం మీద సంతకం చేస్తుందో చూడాలి.